వింటినారిని సగం చేసిన ఆర్యభటుడు

ఉగాది దగ్గర పడిందంటే మన హ్యూస్టన్ తెలుగు ఇళ్లలో రెండు పనులు తప్పవు. ఒకటి, వేపపువ్వు ఎవరింట్లో ఉందా అని ఫోన్లు చేసుకోవడం. రెండోది, పండుగ ఏ రోజు చేసుకోవాలనే చర్చ. హైదరాబాదు నుంచి అమ్మానాన్నలు ఒక తేదీ చెబుతారు. మన పంతులుగారు ఇక్కడి పంచాంగం చూసి, కొన్ని సంవత్సరాల్లో దానికి ఒకరోజు ముందు తేదీ చెబుతారు. ఏది సరి అని కాసేపు వాదన జరుగుతుంది. అదే సమయంలో పక్కగదిలో హైస్కూలు చదివే పిల్లో పిల్లవాడో సైన్, కొసైన్ హోంవర్కుతో కుస్తీ పడుతూ ఉంటారు. బడిలో నేర్పిన సోకాటోవా అనే మంత్రం బట్టీపట్టి లెక్కలైతే చేసేస్తారు. కానీ ఈ సైన్ అంటే అసలేమిటి, కొసైన్‌కీ దానికీ చుట్టరికం ఏమిటి అని వాళ్లు మనల్ని అడిగితే, ఇంజనీరింగు చదివి వచ్చిన మనలో చాలామందిమి నీళ్లు నమలాల్సిందే.

ఆ గదిలోని లెక్కకీ ఈ గదిలోని పంచాంగానికీ సంబంధం ఉంది. రెండింటికీ మూలంలో ఒకే మనిషి కనిపిస్తాడు. ఆయనే ఆర్యభటుడు. ఈ ఉగాది సంచికలో ఆయన కథ చెప్పుకుందాం. పేరు గురించి ముందే ఒక మాట. చాలామంది ఆర్యభట్ట అని రాస్తుంటారు, అది భట్ట కాదు, భట. 10వ శతాబ్దంలో ఇదే పేరుతో ఇంకొక జ్యోతిష్కుడు కూడా ఉన్నాడు. మనం చెప్పుకునేది మొదటి ఆయన గురించి.

తన గురించి ఆర్యభటుడు చెప్పుకున్నది చాలా తక్కువ. కలియుగంలో అరవై అరవైల సంవత్సరాలు, అంటే 3600 ఏళ్లు గడిచేనాటికి తనకు 23 ఏళ్లు నిండాయని ఒక శ్లోకంలో చెప్పాడు. మన పంచాంగాల కలిశకం లెక్కతో చూస్తే ఆ సంవత్సరం క్రీ.శ. 499. కాబట్టి పుట్టినది 476లో. ప్రాచీన శాస్త్రకారుల్లో పుట్టిన సంవత్సరం ఇంత కచ్చితంగా తేలేవాళ్లు అరుదు. 23 ఏళ్లంటే ఇప్పుడు ఎం.ఎస్. చదవడానికి రెండు సూట్‌కేసులతో విమానం దిగే కుర్రాడి వయసు. ఆ వయసులో ఆయన రాసిన పుస్తకమే ఆర్యభటీయం అని పేరు. మొత్తం 121 శ్లోకాలు. చిన్న అక్షరాలతో అచ్చువేస్తే మన సంచికలో నాలుగైదు పేజీలు దాటదు.

కుసుమపురంలో గౌరవం పొందిన విద్యను చెబుతున్నానని కూడా ఆయన రాశాడు. కుసుమపురమంటే పాటలీపుత్రం, నేటి పాట్నా అని వ్యాఖ్యాత మొదటి భాస్కరుడు 629లో వివరించాడు. అయితే అదే భాస్కరుడు ఆర్యభటీయాన్ని అశ్మకతంత్రమనీ, ఆర్యభటుని అనుసరించేవాళ్లను ఆశ్మకీయులనీ పిలిచాడు. తరువాత కేరళ పండితుడు నీలకంఠ సోమయాజి కూడా ఆర్యభటుడు అశ్మక దేశంలో పుట్టాడనే చెప్పాడు. అశ్మకం గోదావరి తీరపు జనపదం. దాని రాజధాని పోదన, నేటి నిజామాబాదు జిల్లా బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అందుకని ఆయన మన తెలంగాణ బిడ్డే అని బల్లగుద్ది చెప్పాలని మాకూ ఉంది గానీ, ఆయన కాలంలో అశ్మకం అనే పేరు ఏ ప్రాంతానికి వర్తించిందనే దాని మీద పండితుల్లో వాదాలున్నాయి. గోదావరి ఒడ్డు వాళ్లు సంతోషించడానికి తగినంత ఆధారం ఉంది, పందెం కాయడానికి లేదు అనుకుంటే సరిపోతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. సైన్ అంటే ఏమిటో తెలియాలంటే రాముడి చేతిలోని విల్లును ఊహించుకుంటే చాలు. ఒక పెద్ద వృత్తం గీసి, అందులో ఒక ముక్క తీసుకోండి. ఆ వంపు ముక్క విల్లు. దాని రెండు కొనలనూ కలుపుతూ గీసిన గీత అల్లెతాడు, అంటే వింటినారి. సంస్కృతంలో దాన్ని జ్య అంటారు, జీవ అని కూడా అంటారు. నారి మధ్యనుంచి వింటి వంపు దాకా ఉన్న చిన్న గీత బాణం. పేర్లన్నీ ఆయుధశాలలోవే.

ఆకాశంలో గ్రహాలు వృత్తాల మీద తిరుగుతున్నట్టు లెక్కకట్టే వాళ్లందరికీ ఈ నారి పొడవు కావాలి. వంపు ఎంతో తెలుసు, దాని ఎదుట ఉన్న తిన్నని గీత ఎంతో తెలియాలి. గ్రీకులు ఇది చేశారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ తన గ్రంథంలో పెద్ద పట్టికే ఇచ్చాడు. అయితే వాళ్లు తీసుకున్నది మొత్తం నారిని. మనవాళ్లు దాన్ని సగానికి కోశారు. ఇందులో గొప్పేముంది, రెండుతో భాగించడమేగా అనిపిస్తుంది. మాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఒకసారి కాగితం మీద గీసి చూస్తే సంగతి అర్థమవుతుంది.

వృత్త కేంద్రం నుంచి వింటి ఒక కొనకు ఒక గీత గీయండి. అది వ్యాసార్ధం. కేంద్రం నుంచి నారి మధ్యబిందువుకు ఇంకో గీత గీయండి. అది నారిని లంబంగా తాకుతుంది. ఇప్పుడు సగం నారి ఒక భుజం, కేంద్రం నుంచి నారి దాకా ఉన్న గీత రెండో భుజం, వ్యాసార్ధం కర్ణం. అచ్చమైన లంబకోణ త్రిభుజం! మొత్తం నారి పట్టుకుంటే ఈ త్రిభుజం కంటికి కనబడదు. సగం చేయగానే వృత్తంలోంచి బయటపడుతుంది. ఇక భుజం వర్గం, కోటి వర్గం కలిపితే కర్ణం వర్గమనే సూత్రం వాడుకోవచ్చు. ఆర్యభటుడు దాన్ని గణితపాదంలో చెప్పాడు. ఆ సగం నారికి అర్ధజ్య అని పేరు. పలకడానికి పొడుగ్గా ఉందని అర్ధ పోయి, వాడుకలో జ్య మాత్రమే మిగిలింది. ఆ జ్యను వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేదే మన పిల్లల సైన్.

మరి రెండో భుజం? దాని పేరు కోటిజ్య. కోటి అంటే ఇక్కడ నూరు లక్షలు కాదు, వింటి కొన అని అర్థం. తొంభై డిగ్రీలు పూర్తి కావడానికి మిగిలిన వంపుకు ఎంత జ్య ఉంటుందో అదే కోటిజ్య. అదే కొసైన్. ఒకే త్రిభుజాన్ని ఒక మూలలో నిలబడి చూస్తే జ్య అనిపించేది, రెండో మూలకు వెళ్లి చూస్తే కోటిజ్య అవుతుంది. అవి రెండు వేర్వేరు వస్తువులు కావు. విల్లు సాగినకొద్దీ జ్య పెరుగుతుంది, కోటిజ్య తగ్గుతుంది. నలభై అయిదు డిగ్రీల దగ్గర రెండూ సమానం. ఎప్పుడు చూసినా వాటి వర్గాల మొత్తం మాత్రం వ్యాసార్ధం వర్గమే. పిల్లలకు బడిలో సైన్ స్క్వేర్ ప్లస్ కొసైన్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు వన్ అని చెప్పేది ఇదే. బడిలో వ్యాసార్ధాన్ని 1 అనుకుంటారు, ఆర్యభటుడు 3438 అనుకున్నాడు.

ఈ 3438 ఎక్కడిది? వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కళలు, మొత్తం 21,600 కళలు. వంపును ఏ కొలతతో కొలుస్తున్నామో తిన్నని గీతను కూడా అదే కొలతతో కొలవాలని ఆయన పట్టుదల. చుట్టుకొలత 21,600 అయితే వ్యాసార్ధం ఎంత? దానికి పై విలువ కావాలి. వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత 62,832 అని ఆయన చెప్పాడు, అంటే 3.1416. పైగా అది ఆసన్నం, అంటే దగ్గరి విలువ మాత్రమే అని జాగ్రత్తగా ఒక మాట చేర్చాడు. దాంతో లెక్కవేస్తే వ్యాసార్ధం 3438కి కొంచెం లోపుగా వస్తుంది.

ఇక పట్టిక. తొంభై డిగ్రీలను 24 భాగాలు చేశాడు. ఒక్కొక్కటి 225 కళలు, అంటే మూడుముప్పావు డిగ్రీలు. ఒక్కో మెట్టుకు జ్య ఎంత పెరుగుతుందో 24 సంఖ్యల్లో చెప్పాడు. మొదటిది 225, తరువాత 224, 222, 219, 215, అలా తగ్గుతూ చివరికి 22, 7. ఈ ఇరవైనాలుగూ ఒకే ఒక్క శ్లోకంలో ఇమిడాయి. ఎలాగంటే ఆయన అక్షరాలనే అంకెలుగా మార్చుకున్నాడు. మన తెలుగు బడి పిల్లలకు ఇది ఆటలాంటిది. క నుంచి మ వరకు ఉన్న హల్లులు వరుసగా 1 నుంచి 25. గుణింతంలో ఇకారం వస్తే నూరుతో హెచ్చించాలి. మ అంటే 25, ఖి అంటే 200, రెండూ కలిపితే 225. భ అంటే 24, దానికి ఖి చేరిస్తే 224. ఫ అంటే 22, ఖి చేరిస్తే 222. వర్ణమాల వచ్చిన ఏ పిల్లవాడైనా 1500 ఏళ్ల నాటి సైన్ టేబులు చదవగలడు. ఈ సంగతి తెలిశాక మా ఇళ్లలో వర్ణమాలకు కాస్త విలువ పెరిగింది.

వాటిని వరసగా కూడుకుంటూ పోతే ఎనిమిదో మెట్టు, అంటే ముప్పై డిగ్రీల దగ్గర 1719 వస్తుంది. సరిగ్గా 3438లో సగం. సైన్ ముప్పై అర అని బట్టీపట్టిన వాళ్లకు ఇది వెంటనే తడుతుంది. పన్నెండో మెట్టు దగ్గర 2431, పదహారో మెట్టు, అరవై డిగ్రీల దగ్గర 2978, చివర 3438. కోటిజ్యకు వేరే పట్టిక అక్కర్లేదు. ముప్పై డిగ్రీల కోటిజ్య కావాలంటే అరవై డిగ్రీల జ్య చూడాలి. పట్టికను పైనుంచి చదివితే సైన్, కిందనుంచి చదివితే కొసైన్.

ఈ తగ్గుదలలో ఒక క్రమం ఉంది. ఏ మెట్టు దగ్గరైనా అక్కడి జ్యను 225తో భాగిస్తే, పక్క మెట్టులో పెరుగుదల ఎంత తగ్గుతుందో వచ్చేస్తుంది. 1719ని 225తో భాగిస్తే ఎనిమిదికి కాస్త తక్కువ. పట్టికలో 199 తరువాత 191. 2978ని భాగిస్తే పదమూడు చిల్లర. పట్టికలో 119 తరువాత 106. గణితపాదంలో ఆయన ఇచ్చిన ఒక క్లుప్తమైన సూత్రానికి వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం ఇదే. ఇంకోవైపు చూస్తే ఆ పెరుగుదలలు కోటిజ్య వెంటే నడుస్తాయి. అరవై డిగ్రీల దగ్గర కోటిజ్య వ్యాసార్ధంలో సగం. అక్కడి పెరుగుదలలు 119, 106ల సగటు కూడా 225లో సరిగ్గా సగం. కాలేజీలో కాల్‌క్యులస్ చదివిన వాళ్లు ఇక్కడ ఒక్కక్షణం ఆగుతారు. కేరళలో 14వ శతాబ్దంలో పుట్టిన మాధవుడు, ఆయన శిష్యపరంపర ఈ దారిలోనే ఇంకా చాలా దూరం వెళ్లారు.

అర్ధజ్య వాడిన మొదటి మనిషి ఆర్యభటుడేనా అంటే, మన సిద్ధాంత గ్రంథాల్లో దాని వాడుక ఇంకా పాతదై ఉండవచ్చు. రాసిన కాలం కచ్చితంగా తేలిన వాటిలో మాత్రం పాతది ఆర్యభటీయమే. అలాగే సున్నాను ఆయన కనిపెట్టాడని, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పాడని ఈమెయిళ్లలో తిరిగే మాటలు నమ్మవద్దు. ఆయన అక్షరసంఖ్యల్లో సున్నాకు గుర్తు లేదు. ఆయన లెక్కల్లో భూమే మధ్యన ఉంది. ఉన్న గొప్పే బోలెడు, లేనిది అంటించడం ఎందుకు?

భూమి తన చుట్టూ తాను తిరుగుతుందన్నది మాత్రం నిజంగా ఆయన మాటే. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున ఉన్న చెట్లు వెనక్కి పోతున్నట్టు అనిపించినట్టే, మనకు నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని పోలిక చెప్పాడు. 43,20,000 ఏళ్ల యుగంలో భూమి 158,22,37,500 సార్లు తిరుగుతుందని లెక్క ఇచ్చాడు. దాన్నిబట్టి ఒక్క భ్రమణానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లు పడుతుంది. నేటి శాస్త్రం చెప్పేదీ అంతే. గ్రహణాల గురించి కూడా సూటిగానే చెప్పాడు. సూర్యుడిని కప్పేది చంద్రుడు, చంద్రుడిని కప్పేది భూమి నీడ.

ఇవి ఆయన కాలం వాళ్లకు, తరువాతి వాళ్లకు కూడా మింగుడుపడలేదు. బ్రహ్మగుప్తుడు 628లో, తన ముప్పయ్యో ఏట, ఆర్యభటుడి మీద విరుచుకుపడ్డాడు. భూమి తిరిగితే ఎత్తైనవి ఎందుకు పడిపోవని అడిగాడు. రాహువును కాదనడం శ్రుతిస్మృతులకు విరుద్ధమని తప్పుపట్టాడు. ఆయన సామాన్యుడు కాడు, మహా గణితవేత్త. అందుకే ఆ దెబ్బ గట్టిగా తగిలింది. ఆర్యభటుడిని గౌరవించే వ్యాఖ్యాతలు కూడా ఇబ్బందిపడి, భూభ్రమణం గురించి చెప్పింది లోకుల భ్రమను వివరించడానికేనని అర్థాలు తిప్పారు. భూమి తిరుగుతుందని ఉన్న ఒకచోట భూః అనే మాట తీసేసి నక్షత్రాలని అర్థం వచ్చే భం అనే మాట పెట్టిన పాఠాలు కూడా వచ్చాయి. ఒక్క అక్షరం మారితే ఆకాశమే తిరగడం మొదలుపెట్టింది! మాకు ఈ కథలో బాధ కలిగించే చోటు ఇదే. శత్రువులు ఎదిరిస్తే మాట నిలుస్తుంది, భక్తులు సవరిస్తేనే పోతుంది. అయితే అదే బ్రహ్మగుప్తుడు 665లో, వయసు మళ్లాక, ఖండఖాద్యకం అనే గ్రంథాన్ని ఆర్యభటుడి మరో పద్ధతిని ఆధారం చేసుకునే రాశాడు. ఆ పద్ధతి ఉన్న ఆర్యభటుడి మూలగ్రంథం దొరకలేదు గానీ, తిట్టిన మనిషి పుస్తకం ద్వారానే మనకు దాని వివరాలు తెలుస్తున్నాయి.

జ్య అనే మాట ప్రయాణం ఇంకా చిత్రం. మన సిద్ధాంతాలు బాగ్దాదు చేరినప్పుడు అరబ్బు పండితులు జీవ అనే పేరును జీబ అని రాసుకున్నారు. వాళ్ల రాతలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు. తరువాత చదివినవాళ్లు దాన్ని తమకు తెలిసిన జైబ్ అనే మాటగా చదివారు. దుస్తుల మడత, మెడ దగ్గరి చీలిక అని దాని అర్థం. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్లు మడతకు తమ భాషలో ఉన్న సైనస్ అనే మాట పెట్టారు. అదే సైన్ అయింది. ఆ అరబ్బీ జైబ్ పారశీకం, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి కూడా వచ్చింది. మన చొక్కా జేబు అదే! కొసైన్ సంగతి వేరు. కోటిజ్యలోని కో నుంచే కొసైన్ వచ్చిందని కొందరు రాస్తారు. వినడానికి బాగుంది గానీ నిజం కాదు. పూరక కోణపు సైన్ అని చెప్పే లాటిన్ మాటను 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ కుదించి ఆ పేరు పెట్టాడు. పేర్లు కలవడం కాకతాళీయం, భావం మాత్రం ఒకటే.

ఆర్యభటీయం తాళపత్రాలు ఎక్కువగా కేరళలో, మలయాళ లిపిలో నిలిచాయి. ముంబయి వైద్యుడు భావూ దాజీ 1860లలో ప్రతులు సంపాదించి ఆర్యభటుడి కాలాన్ని తేల్చాడు. 1874లో డచ్చి పండితుడు కెర్న్ హాలెండులోని లైడెన్‌లో మూలాన్ని అచ్చువేయించాడు. ఇంకో నూరేళ్లకు, 1975 ఏప్రిల్ 19న, భారతదేశపు మొదటి ఉపగ్రహం సోవియట్ రాకెట్టు మీద పైకి వెళ్లింది. దానికి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు మన పండుగ వాదనకు వద్దాం. యుగం, సంవత్సరం, మాసం, దినం అన్నీ చైత్ర శుక్ల పాడ్యమి మొదట్లో ఒకేసారి ఆరంభమయ్యాయని ఆర్యభటుడు చెప్పాడు. అది మన ఉగాది రోజే. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. వాళ్లు ఒకే వేగంతో నడవరు కాబట్టి సగటు స్థానానికి సవరణ చేయాలి, ఆ సవరణ జ్యతోనే. తిథి ముగిసే క్షణం భూమి అంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. ఉగాదికి చూసేది సూర్యోదయానికి పాడ్యమి ఉందా అని. హైదరాబాదులో ఉదయించిన పది పన్నెండు గంటలకు గానీ మనకు సూర్యుడు రాడు. అప్పటికి పాడ్యమి వెళ్లిపోతే, అంతకుముందు రోజు మన సూర్యోదయానికి ఉందేమో చూడాలి. అందుకే కొన్నేళ్లలో మనకు ఒకరోజు ముందు వస్తుంది. అమ్మానాన్నలు చెప్పింది వాళ్ల ఊరికి సరి, పంతులుగారు చెప్పింది మన ఊరికి సరి.

ఊరి అక్షాంశాన్నిబట్టి సూర్యోదయం ఎంత ముందూ వెనకా అవుతుందో లెక్కకు అక్షాంశపు జ్య, కోటిజ్య రెండూ కావాలి. ఆర్యభటుడు గోళపాదంలో ఆ పద్ధతి ఇచ్చాడు. మన హ్యూస్టన్ ఇంచుమించు ముప్పై డిగ్రీల మీద ఉంది. అంటే ఆయన పట్టికలో ఎనిమిదో మెట్టు. జ్య 1719, కోటిజ్య 2978.

పిల్లలతో దీన్ని పెరట్లోనే చూడవచ్చు. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున చదునైన చోట పన్నెండు అంగుళాల కర్రను నిలువుగా పాతండి. పాతకాలపు శంకువు కూడా పన్నెండు అంగుళాలే, వాళ్ల అంగుళం వేరైనా నిష్పత్తి మారదు. డేలైట్ సేవింగ్ వల్ల మనకు అసలు మధ్యాహ్నం గడియారంలో ఒంటిగంటన్నర దగ్గర అవుతుంది. అప్పుడు నీడ కొలవండి. కర్ర కోటిజ్య వైపు, నీడ జ్య వైపు, కర్ర కొననుంచి నీడ కొనకు కట్టిన దారం కర్ణం. పన్నెండును 1719తో హెచ్చించి 2978తో భాగిస్తే ఏడుకు కొంచెం తక్కువ వస్తుంది, నీడ కూడా అంతే ఉండాలి. అదే రోజు హైదరాబాదులో తాతగారు మిద్దె మీద అలాంటి కర్రే పెట్టి వాళ్ల మధ్యాహ్నం చూస్తే నాలుగు అంగుళాలకు లోపే వస్తుంది. రాత్రికి ఫోను చేసి రెండు నీడలూ పోల్చుకోవచ్చు.